చెక్కు చెదరని రాతిపై... ఏడు గదులు!

కొండవాలులో హోటల్ అంటే ముందుగా బండలు పేల్చాలి, నేల చదును చేయాలి అనుకుంటాం. నార్వేలోని వాల్‌డాల్ లోయలో ఉన్న ‘జువెట్ ల్యాండ్‌స్కేప్ హోటల్’ గదులకు ఆ రెండూ అక్కర్లేకపోయింది. జెన్సన్ అండ్ స్కోడ్విన్ సంస్థ ఆర్కిటెక్టులు రాతికి రంధ్రాలు చేసి, 40 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీలు దించి, వాటిమీద చెక్క గదుల్ని నిలబెట్టారు. మొదట కట్టినవి ఏడే. దేనికదే విడిగా ఉంటుంది. ఒక గదిలోంచి చూస్తే మరొకటి కనిపించదు. అద్దాల గోడల్లోంచి కనిపించేవి చెట్లూ కొండలూ నదీ మాత్రమే. రాత్రిపూట గది నీడ అద్దంలో పడి ఆ దృశ్యం చెడకూడదని లోపలి చెక్కకు నల్లరంగు కలిపిన నూనె పూశారు. 2015లో వచ్చిన ‘ఎక్స్ మాకినా’ సినిమాలో కొన్ని సన్నివేశాలు తీసింది ఇక్కడే. అన్నట్టు, ఎప్పుడైనా ఈ గదులు వద్దనుకుంటే ఊడదీసి పట్టుకెళ్లొచ్చు. అప్పుడు అక్కడ మిగిలేది... రాతిలో కొన్ని చిల్లులే!