‘ముద్ర పడలేదు’ అంటే లోపం వేలిదేనా?

నల్గొండ:

“ముద్ర పడ్తలేదు.” నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో చౌకధరల దుకాణం వద్ద, తపాలా కార్యాలయంలో, మీసేవ కేంద్రంలో తరచు వినవచ్చే మాట ఇది. ఈ ఒక్క మాటతో బియ్యానికి వచ్చిన వృద్ధురాలు ఖాళీ సంచితో వెనుదిరుగుతుంది. పింఛనుకు వచ్చిన వ్యక్తి మళ్ళీ రావలసిందిగా చెప్పించుకుని ఒక రోజు కూలి పోగొట్టుకుంటాడు. మరునాడు పత్రికలలో వేలిముద్రలు పడక లబ్ధిదారుల అవస్థలు అన్న వార్త వెలువడుతుంది. అయితే యంత్రం తెరపై ఉండేది ఆ మాట కాదు. అక్కడ ఒక సంకేత సంఖ్య, దానితోపాటు ఆంగ్లంలో ఒక చిన్న వాక్యం ఉంటాయి. లోపం వేలిలో ఉన్నదా, యంత్రంలో ఉన్నదా, గడియారంలో ఉన్నదా, రికార్డులో ఉన్నదా అన్న విషయాన్ని చాలా వరకు ఆ సంఖ్యే తెలియజేస్తుంది. దానిని చదవకముందే నెపాన్ని లబ్ధిదారుని వేలిపై వేయడం పరిపాటి అయినది.

ఆధార్ వేలిముద్ర ధృవీకరణలో 300 అన్న సంకేతం వచ్చినప్పుడు మాత్రమే ముద్ర సరిపోలలేదని అర్థం. 330 వచ్చినట్లయితే ఆ వ్యక్తి తన బయోమెట్రిక్ వివరాలకు తానే తాళం వేసుకున్నాడని అర్థం. ఎన్నిసార్లు వేలు పెట్టినా ఫలితం ఉండదు, ముందుగా ఆ తాళం తీయవలసి ఉంటుంది. బ్యాంకు ఖాతాల మోసాలకు భయపడి ఎవరి సలహాపైననో తాళం వేయించుకుని, తరువాత ఆ సంగతి మరచిన వారికి ఇది ఎదురవుతుంది. 811 అంటే ఆ ఆధార్ సంఖ్యకు సంబంధించిన బయోమెట్రిక్ సమాచారం కేంద్ర భాండాగారంలోనే లేదని అర్థం. 997 వస్తే ఆధార్ సంఖ్య తాత్కాలికంగా నిలుపుదల చేయబడినది. ఈ మూడు సందర్భాలలో వేలిని తుడిచి, తడిపి, అయిదారు మార్లు అద్దంపై నొక్కించడం వృథా శ్రమ.

ఇంకొక జత సంకేతాలు ఉన్నాయి: 561, 562. మొదటిది అభ్యర్థన గడువు ముగిసినదని, రెండవది అభ్యర్థన సమయం భవిష్యత్తులో ఉన్నదని చెబుతుంది. అనగా వేలిముద్ర పరికరం కలిపిన ల్యాప్‌టాప్ లేదా కంప్యూటర్ గడియారం తప్పు చూపుతున్నదని అర్థం. పాత కంప్యూటర్లలో లోపలి చిన్న బ్యాటరీ క్షీణిస్తే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారి తేదీ ఏళ్ళ వెనక్కు పోతుంది. అప్పుడు ఆ కేంద్రానికి వచ్చిన ఒక్కరి ముద్ర కూడా అంగీకరింపబడదు. నాణెం ఆకారంలో ఉండే ఆ బ్యాటరీని మార్చి, తేదీ, సమయం సరిచేస్తే సమస్య తీరుతుంది. ఒకే కేంద్రంలో ఉదయం నుండి వరుసగా అందరికీ విఫలమైతే అందరి వేళ్ళూ ఒకే రోజున అరిగి ఉండవన్నది గ్రహించవలసిన విషయం.

పరికరం, ల్యాప్‌టాప్

వేలి చివర చర్మంపై ఉండే గీతలను పొలం భాషలో చెప్పాలంటే గట్లు, చాళ్ళు అనవచ్చు. గట్టు ఎక్కడ ఆగిపోతున్నది, ఎక్కడ రెండుగా చీలుతున్నది అన్న బిందువులను యంత్రం గుర్తించి వాటి అమరికను పోల్చి చూస్తుంది. ఆధార్ కేంద్రాలలో ఎక్కువగా వాడే పరికరాలు అద్దం క్రింద వెలుగు ప్రసరింపజేసి చిత్రం తీస్తాయి. ల్యాప్‌టాప్‌లలో అమర్చినవి ఎక్కువగా గట్టుకు, చాలుకు మధ్య గల విద్యుదావేశ భేదాన్ని కొలుస్తాయి. అద్దంపై ముందు వ్యక్తి వదిలిన జిడ్డు, నేరుగా పడే ఎండ మొదటి రకానికి శత్రువులు. వేలి తడి, పగుళ్ళు రెండింటికీ అడ్డంకులే.

అధికారుల ల్యాప్‌టాప్‌లలో వేలిముద్ర తాళం కొత్త విషయమేమీ కాదు. 2004లో ఐబీఎం సంస్థ థింక్‌ప్యాడ్ టీ42 నమూనాలో వేలిముద్ర గుర్తింపును పొందుపరచినది. ఆనాటి పరికరంలో సన్నని పట్టీపై వేలిని జారవిడువవలసి ఉండేది. నేడు వేలిని ఆనించి ఉంచితే చాలును. విండోస్ ల్యాప్‌టాప్‌లో నమోదైన ముద్ర సమాచారం ఆ యంత్రంలోనే ఉంటుంది, బయటకు పోదు. ఆధార్ ధృవీకరణలో ముద్ర సంకేతబద్ధమై కేంద్ర సర్వరుకు చేరి అక్కడ పోల్చబడుతుంది. అందువల్ల ఇంటర్నెట్ లేకున్నా ల్యాప్‌టాప్ తెరుచుకుంటుంది గాని, పింఛను ధృవీకరణ జరుగదు.

నిన్నటి వరకు పనిచేసిన ల్యాప్‌టాప్ తాళం నేడు వేలిని గుర్తించకపోతే ముందుగా చూడవలసినది విద్యుత్ పొదుపు అమరిక. కంప్యూటరు నిద్రావస్థలోకి పోయినప్పుడు ఛార్జింగ్ ఆదా కోసం వేలిముద్ర పరికరాన్ని కూడా ఆపివేసి, మేల్కొన్నాక తిరిగి ప్రారంభించకపోవడం సాధారణంగా కనిపించే లోపం. డివైస్ మేనేజర్‌లో ఆ పరికరానికి సంబంధించి విద్యుత్ ఆదాకు అనుమతించే గుర్తును తొలగించాలి. విండోస్ నవీకరణ తరువాత లోపం తలెత్తినట్లయితే డ్రైవర్‌ను పాత స్థితికి తేవడమో, ల్యాప్‌టాప్ తయారీ సంస్థ ఇచ్చిన డ్రైవర్‌ను మళ్ళీ వేయడమో చేయాలి. అప్పటికీ కుదరకపోతే నమోదైన ముద్రలను తొలగించి, వేలిని నిటారుగా, కొంచెం పక్కకు వంచి, వివిధ కోణాలలో తిరిగి నమోదు చేయాలి. ఒక చేతికి గాయమైనా పని ఆగకుండా రెండు చేతుల నుండి ఒక్కొక్క వేలిని నమోదు చేయడం మంచిది.

అధికారి బదిలీ అయి, ఆయన వాడిన ల్యాప్‌టాప్ తరువాత వచ్చిన వారికి అప్పగించినప్పుడు పాత ముద్రలు అందులోనే మిగిలిపోతుంటాయి. ఒకే ఖాతాలో నలుగురు సిబ్బంది తమ వేళ్ళు నమోదు చేసుకునే అలవాటు అంతకన్నా ప్రమాదకరం. ఏ దస్త్రాన్ని ఎవరు ఆమోదించినదీ తరువాత తేలదు.

బయటి నుండి యూఎస్‌బీ ద్వారా కలిపే పరికరాల విషయంలో మరికొన్ని జాగ్రత్తలు అవసరం. నాలుగు తీగలను ఒకే అదనపు పెట్టెకు కలిపినచో పరికరానికి చాలినంత విద్యుత్తు అందదు. నేరుగా కంప్యూటరుకే కలపాలి. ఆధార్ ధృవీకరణకు నమోదిత పరికరాలను మాత్రమే అంగీకరించే విధానం 2017లో వచ్చినది. నాటి నుండి పరికరం బాగున్నా దానికి సంబంధించిన ఆర్‌డీ సర్వీస్ అనే సాఫ్ట్‌వేర్ నడవకున్నా, దాని గడువు తీరినా ముద్ర ముందుకు పోదు. ఈ గడువు తీరిన విషయం వరుసలో నిలబడిన వ్యక్తికి తెలిసే అవకాశం లేదు. ఆయనకు వినిపించేది మళ్ళీ అదే మాట.

శ్రమ చేసిన చేతులు

సంకేతం నిజంగానే 300 అయినప్పుడు వేలి సంగతి చూడాలి. గడ్డపార, పార పట్టి ఉపాధి హామీ పనులలో మట్టి తవ్విన చేతులు, పత్తి ఏరిన వేళ్ళు, సాగర్ ఎడమ కాలువ క్రింద నాట్లు వేసి నీటిలో నానిన చేతులు, సున్నం, సిమెంటు పట్టిన చేతులు, రంగులలో నూలు ముంచే పోచంపల్లి చేనేత కార్మికుల చేతులు ఈ ప్రాంతానివి. రాపిడికి పైపొరలోని గట్లు అరిగిపోతాయి. చర్మం లోపలి పొర దెబ్బతినకపోతే, ఆ పనికి కొంతకాలం దూరమైనచో అవే గీతలు తిరిగి తేలుతాయి. వయస్సు పెరిగిన కొద్దీ చర్మం ఎండి, పలుచనై గీతలు మసకబారుతాయి. కుష్ఠు వ్యాధి వల్ల, కొన్ని క్యాన్సర్ మందుల వల్ల కూడా వేలిముద్రలు చెరిగిపోవచ్చు. ఫ్లోరైడ్ ప్రభావంతో కీళ్ళు బిగుసుకుపోయిన వారికి చేయి చాచి వేలిని అద్దంపై సమంగా ఆనించడమే కష్టం. అటువంటి వారి వద్దకు పరికరాన్ని తీసుకువెళ్ళాలే గాని వారిని పరికరం వైపు వంచరాదు.

నమోదు నాటి చేతికి, నేటి చేతికి తేడా ఉండడం కూడా సహజమే. ఆధార్ నమోదులో పది వేళ్ళ ముద్రలూ తీసుకున్నారు. అయినా అలవాటుగా అందరూ ముందుకు చాచేది బొటనవేలినే. ఏ వేలి ముద్ర అత్యంత స్పష్టంగా ఉన్నదో తెలుసుకునేందుకు ఆధార్ వ్యవస్థలోనే ఉత్తమ వేలి గుర్తింపు సదుపాయం ఉన్నది. ఒకసారి పది వేళ్ళనూ పరీక్షించి, సరిపోయే వేలు ఏదో చెప్పి పంపితే వచ్చే నెల ఆ వ్యక్తి నేరుగా అదే వేలిని పెడతాడు. తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిచ్చే ఈ పని చాలా తక్కువ చోట్ల జరుగుతుంది.

వేలు పెట్టే తీరులో ఒక పాత అలవాటు అడ్డు వస్తున్నది. సిరా దిండుపై బొటనవేలిని ఒక పక్క నుండి మరొక పక్కకు దొర్లించి కాగితంపై నిశాని వేయడం పెద్దలకు అలవాటు. అద్దంపై అలా దొర్లిస్తే చిత్రం చెదిరిపోతుంది. వేలి కొనను కాక, సుడి ఉన్న మధ్యభాగాన్ని ఆనించి కదలకుండా ఉంచాలి. గట్టిగా నొక్కితే గట్లు చదునైపోయి చాళ్ళు మూసుకుపోతాయి. ఎండిన వేలిని కొద్దిగా తడిచేసి తుడిస్తే మేలు. తలకు రుద్ది పెట్టమని కొందరు నిర్వాహకులు చెబుతుంటారు. ఆ కాస్త నూనె వలన ఒకరికి పని జరిగినా, అద్దంపై మిగిలిన జిడ్డు తరువాతి వ్యక్తికి అడ్డు పడుతుంది. ప్రతి ఒక్కరి తరువాత మెత్తని పొడి గుడ్డతో అద్దాన్ని తుడవడం ఉత్తమం.

రెండవ మార్గం

పింఛనుకు, వేలిముద్రకు గల సంబంధం ఈనాటిది కాదు. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక గుత్తేదారు ఒప్పందంపై అతని అరచేతి ముద్ర వేయించాడు. 1877లో హుగ్లీలో అదే అధికారి, మరణించిన వారి పేర ఇతరులు పింఛను తీసుకోకుండా పింఛనుదారుల వేలిముద్రలు తీసుకునే పద్ధతి ప్రవేశపెట్టాడు. నాటి ఉద్దేశమే నేటికీ కొనసాగుతున్నది: అర్హుని సొమ్ము మరొకరి పాలు కారాదు.

ఈ ఉద్దేశం నెరవేరగలదనడానికి నల్గొండ జిల్లాయే ఒక సాక్ష్యం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, సామాజిక పింఛన్లను బయోమెట్రిక్ స్మార్ట్ కార్డుల ద్వారా చెల్లించిన కాలంలో 2010–12 మధ్య కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు ఎనిమిది జిల్లాలలో అధ్యయనం చేశారు. వాటిలో నల్గొండ ఒకటి. కూలి త్వరగా అందినదని, సొమ్ము దారి మళ్ళడం తగ్గినదని 2016లో ప్రచురితమైన ఆ అధ్యయనం తేల్చినది. అందులోనే గమనింపదగిన మరొక అంశం ఉన్నది. రెండేళ్ళ తరువాత కూడా, పథకం అమలైన మండలాలలో సుమారు సగం చెల్లింపులు మాత్రమే కొత్త పద్ధతిలోకి మారాయి. కార్డు లేని వారికి, ముద్ర కుదరని వారికి చెల్లింపు ఆపలేదు. అదే పరిశోధకులు తరువాత జార్ఖండ్‌లో రేషన్ సరుకులకు ఆధార్ ధృవీకరణ తప్పనిసరి చేయడాన్ని పరిశీలించగా, ఆధార్ అనుసంధానం కాని కుటుంబాలు నష్టపోయిన విషయం వెల్లడైనది. సాంకేతికత ఇంచుమించు ఒకటే. ముద్ర కుదరనప్పుడు ఏమి చేయాలన్న నిబంధనలోనే తేడా.

ఆశ్చర్యమేమంటే ఈ సూత్రాన్ని ల్యాప్‌టాప్ తయారీదారులు ఏనాడో పాటించారు. విండోస్ ల్యాప్‌టాప్‌లో ముందుగా పిన్ సంఖ్య పెట్టుకోనిదే వేలిముద్ర నమోదుకు వీలులేదు. మ్యాక్‌బుక్‌లో అయిదుసార్లు ముద్ర సరిపోకపోతే సంకేతపదం అడుగుతుంది. యజమానిని బయట నిలబెట్టి తలుపు మూసే యంత్రాన్ని ఎవరూ కొనరు. రేషను దుకాణానికి వచ్చిన వ్యక్తికి ఆ యంత్రాన్ని కాదని మరొకటి ఎంచుకునే వీలు లేదు కనుకనే ఆ బాధ్యత శాఖలపై పడుతుంది. కనుపాప, ముఖ గుర్తింపు, మొబైల్‌కు వచ్చే ఓటీపీ అందుబాటులో ఉన్న ఇతర మార్గాలు. వీటికీ పరిమితులు ఉన్నాయి. కోవిడ్ కారణంగా 2021 ఫిబ్రవరిలో తెలంగాణలో రేషను పంపిణీకి వేలిముద్ర బదులు కనుపాప, ఓటీపీ పద్ధతులు అమలుపరచినప్పుడు, ఆధార్‌కు మొబైల్ సంఖ్య జోడించుకోని కార్డుదారులు నమోదు కేంద్రాల వద్ద బారులు తీరారు. ధృవీకరణ విఫలమైనంత మాత్రాన అర్హులకు ప్రయోజనం నిరాకరింపరాదన్నది 2018 సెప్టెంబరు 26 నాటి సుప్రీంకోర్టు ఆధార్ తీర్పులో పేర్కొన్న అంశం.

కేంద్ర ప్రభుత్వ పింఛనుదారుల జీవన ప్రమాణ పత్రం విషయంలో మార్పు వచ్చినది. 2014 నవంబరు 10న ప్రారంభమైన డిజిటల్ విధానంలో తొలుత కంప్యూటరుకు వేలిముద్ర లేదా కనుపాప పరికరాన్ని కలుపవలసి ఉండేది. పత్రం అందకపోతే పింఛను నిలిచిపోతుంది గనుక, అరిగిన వేళ్ళ వృద్ధులకు నవంబరు నెల ఆందోళనకరంగా ఉండేది. 2021 నవంబరులో ముఖ గుర్తింపు ప్రవేశపెట్టిన మీదట స్మార్ట్‌ఫోన్ కెమెరా ద్వారానే దానిని సమర్పించే వీలు కలిగినది.

ఏ కేంద్రంలోనైనా ముద్ర విఫలమైనప్పుడు నిర్వాహకుడు సంకేత సంఖ్యను, తేదీని, ప్రయత్నించిన వేళ్ళను ఒక చిన్న పుస్తకంలో వ్రాసినట్లయితే, వాటిలో 300లు ఎన్ని, 561లు ఎన్ని అన్నది నెలాఖరుకు మండల స్థాయిలోనే తేలుతుంది. వార్త సేకరించే విలేకరులు సైతం ఆ సంఖ్యను అడిగి తెలుసుకోవడం సముచితం. వరుసగా 300 వచ్చే వారిని ఆధార్ కేంద్రానికి పంపి ముద్రలు నవీకరింపజేయాలి. వివరాలకు 1947 నంబరును సంప్రదించవచ్చును. నవీకరణ పూర్తయ్యే వరకు వారి నెలవారీ బియ్యం, పింఛను మరొక పద్ధతిన ధృవీకరించి అందజేయవలసి ఉంటుంది.