వేటగాడి రుసుము అడవికే జమ

అమెరికాలో జింకను వేటాడాలంటే ముందుగా రాష్ట్ర ప్రభుత్వానికి డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాలి. ఆ డబ్బు ఎక్కడికి వెళుతుంది? తిరిగి ఆ జింకలు తిరిగే అడవికే. అక్కడి రాష్ట్రాల వన్యప్రాణి శాఖల్లో చాలావాటికి సిబ్బంది జీతాలు, గస్తీ జీపులు, పరిశోధనలు, భూముల కొనుగోళ్లు ఏళ్ల తరబడి ప్రధానంగా ఈ రాబడి మీదే నడిచాయి. వేట అంటే మనసు ఒప్పనివారు కూడా తెలుసుకోదగిన చరిత్ర ఇది. ఒక పని కోసం వసూలు చేసిన సొమ్ము ఆ పనికే ఖర్చు కావాలని పట్టుబడితే ఎంత మేలు జరుగుతుందో ఇందులో కనిపిస్తుంది. ఆ సొమ్ము ఒకే వర్గం జేబులోంచి వస్తే ఏ ఇబ్బంది తలెత్తుతుందో కూడా కనిపిస్తుంది.

అర్ధ డాలరు లైసెన్సు

పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా అడవుల్లో ఎవరు ఎంత కాల్చుకుంటే అంత. జింకలు, బాతులు, పావురాలు రైలుపెట్టెల్లో నగరాల బజార్లకు చేరేవి. ఒకప్పుడు 300 కోట్లకు పైగా ఉండేవని అంచనా వేసిన ప్యాసింజర్ పావురాల్లో ఆఖరిదైన మార్తా 1914 సెప్టెంబర్ 1న సిన్సినాటి జూలో చనిపోయింది. ఆ జాతి కళ్ల ముందే అంతరించిపోతున్న రోజుల్లో, 1895లో, మిషిగన్ రాష్ట్రం జింకల వేటకు లైసెన్సు తప్పనిసరి చేసింది. సొంత రాష్ట్రంవారికి 50 సెంట్లు, బయటివారికి 25 డాలర్లు. తర్వాత ఒక్కొక్క రాష్ట్రమూ ఇదే బాట పట్టింది.

బజారులో అమ్మకూడదు

అక్రమంగా చంపిన జంతువులను, పక్షులను ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి తరలించి అమ్మడాన్ని 1900లో వచ్చిన లేసీ చట్టం నేరంగా ప్రకటించింది. క్రమంగా రాష్ట్రాలు కూడా అడవి జంతువుల మాంసం అమ్మకాన్ని మూసివేశాయి. లైసెన్సు ఉన్నవాడు జింకను కొట్టి ఇంటికి తెచ్చుకోవచ్చు, బంధువులకు పంచవచ్చు, ఆకలితో ఉన్నవారికి దానం చేయవచ్చు. అమ్ముకోవడానికి మాత్రం వీల్లేదు. అడవి జంతువుకు బజారు ధర పలికినంత కాలం ఏ రుసుమూ దాన్ని కాపాడలేదని పావురాల కథ అప్పటికే చెప్పేసింది.

డాలరు డాలరు కూడబెట్టి కొన్న అడవి

పెన్సిల్వేనియా 1913లో తన వాసులకు వేట లైసెన్సు పెట్టింది. ధర ఒక డాలరు. అంతకుముందే, 1870ల నాటికే, ఆ రాష్ట్రంలో ఎల్క్ అనే పెద్ద దుప్పి జాతి పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది. లైసెన్సు వచ్చిన ఏడాదే ఎల్లోస్టోన్ నుంచి ఎల్క్‌లను రైళ్లలో తెప్పించి అడవుల్లో వదిలారు. 1920లో లైసెన్సు సొమ్ముతో రాష్ట్రం భూములు కొనడం మొదలుపెట్టింది. స్టేట్ గేమ్ లాండ్స్ అని పిలిచే ఆ అడవులు నేడు సుమారు 15 లక్షల ఎకరాలు. తుపాకీ పట్టనివారు కూడా వాటిలో నడుస్తారు, పక్షులను చూస్తారు. ఆ చెట్ల నీడకు వెల కట్టింది వందేళ్ల కిందటి వేటగాళ్లని వారిలో ఎంతమందికి తెలుసో!

చట్టంలో ఒక్క షరతు

లైసెన్సు డబ్బు కళ్లెదుట కనిపిస్తూ ఉంటే దాన్ని రోడ్లకో, మరో ఖర్చుకో మళ్లించాలని ఏ ప్రభుత్వానికైనా అనిపిస్తుంది. 1930లలో ఆ మళ్లింపు అమెరికాలో మామూలైపోయింది. వర్జీనియా వన్యప్రాణి కమిషన్‌కు నేతృత్వం వహించిన విల్లిస్ రాబర్ట్‌సన్‌కు ఈ సంగతి అనుభవంతో తెలుసు. ఆయన ప్రతినిధుల సభ సభ్యుడయ్యాక, నెవడా సెనేటర్ కీ పిట్‌మన్‌తో కలిసి ఒక బిల్లు తెచ్చారు. తుపాకులు, తూటాల మీద కేంద్రం వసూలు చేసే పన్నును వన్యప్రాణుల కోసం రాష్ట్రాలకు పంచాలన్నది బిల్లు సారాంశం. రాబర్ట్‌సన్ అందులో ఒక షరతు చేర్చారు: వేట లైసెన్సుల రుసుమును వన్యప్రాణి శాఖకు తప్ప మరి దేనికీ వాడబోమని చట్టం చేసుకున్న రాష్ట్రానికే ఈ డబ్బు అందాలి. 1937 సెప్టెంబర్ 2న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సంతకం చేశారు. ఇద్దరి పేర్ల మీదా అది పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టంగా స్థిరపడింది. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఆ షరతే. పన్నులు వేసిన చట్టాలు లోకంలో కొల్లలు. వేసిన పన్నుకు కాపలా కూడా పెట్టిన చట్టాలు అరుదు.

ఒకటి పెడితే మూడు

పొడవు తుపాకులకు, తూటాలకు, విల్లంబుల సరంజామాకు 11 శాతం, పిస్టళ్లకు 10 శాతం చొప్పున తయారీదారులు పన్ను కడతారు. పిస్టళ్లు, విల్లంబులు 1970లలో ఈ పద్దులోకి చేరాయి. ఆమోదం పొందిన పనికి అయ్యే ఖర్చులో 75 శాతం దాకా కేంద్రం ఇస్తుంది, మిగిలిన 25 శాతం రాష్ట్రం పెట్టుకోవాలి. ఆ వాటాను రాష్ట్రాలు ఎక్కువగా లైసెన్సు రుసుముల నుంచే తీస్తాయి. అంటే వేటగాడు కట్టిన ఒక్క డాలరు మరో మూడు డాలర్లను వెంటబెట్టుకు రాగలదు. ఈ నిధితో మొట్టమొదటి పని యూటాలో జరిగింది. గ్రేట్ సాల్ట్ సరస్సు ఒడ్డున ఆగ్డెన్ బే దగ్గర నీటిపక్షుల కోసం చిత్తడి నేలను బాగుచేశారు. ఇటీవల కొన్ని సంవత్సరాల్లో ఈ చట్టం కింద రాష్ట్రాలకు చేరిన మొత్తం 100 కోట్ల డాలర్లు దాటింది.

లెక్కలోకి వచ్చే తలలు

ఏ రాష్ట్రానికి ఎంత? సగం సొమ్ము రాష్ట్ర విస్తీర్ణాన్ని బట్టి, సగం డబ్బు కట్టి లైసెన్సు తీసుకున్న వేటగాళ్ల సంఖ్యను బట్టి. ఏ రాష్ట్రానికీ 5 శాతానికి మించదు, అర శాతానికి తగ్గదు. అలాస్కా విశాలమైనది, టెక్సాస్ విశాలమైనదే కాక వేటగాళ్లూ ఎక్కువ. రెండూ గరిష్ఠ వాటాను అందుకుంటాయి. రాష్ట్రానికి ఆదాయం మిగల్చని ఉచిత లైసెన్సులు ఈ లెక్కలోకి రావు. అందుకే పెద్దవాళ్లకు పూర్తిగా ఉచితం చేద్దామనుకునే రాష్ట్రం, దానివల్ల కేంద్రం వాటా ఎంత తగ్గుతుందో ముందే చూసుకోవాలి.

కార్టూనిస్టు గీసిన బాతులు

బాతులు, హంసజాతి పక్షులు రాష్ట్రాల సరిహద్దులు దాటి వలస పోతాయి కాబట్టి వాటికి జాతీయ స్థాయిలో ఒక స్టాంపు ఉంది. 1934లో చట్టం వచ్చింది. 16 ఏళ్లు నిండిన ప్రతి నీటిపక్షుల వేటగాడూ ఏటా డక్ స్టాంపు కొనాలి. మొదటి స్టాంపు మీద చిత్తడి నేలపై వాలుతున్న జంట బాతులను గీసింది జే డార్లింగ్. ‘డింగ్’ పేరుతో పులిట్జర్ బహుమతి అందుకున్న ఆ కార్టూనిస్టే అప్పట్లో కేంద్ర వన్యప్రాణి సంస్థకు అధిపతి కూడా. ఒక డాలరు ధర పెట్టిన ఆ తొలి స్టాంపులు 6,35,001 అమ్ముడయ్యాయి. 2015 నుంచి ధర 25 డాలర్లు. ప్రతి డాలరులో 98 సెంట్లు నేరుగా చిత్తడి నేలల రక్షణకే పోతాయి. ఇప్పటికి 60 లక్షల ఎకరాలకు పైగా ఇలా భద్రమయ్యాయి. తపాలా బిళ్లలు సేకరించేవారు, పక్షి ప్రేమికులు కూడా దీన్ని కొంటారు. ప్రవేశ రుసుము ఉన్న జాతీయ వన్యప్రాణి ఆశ్రయాల్లోకి ఈ స్టాంపు చూపిస్తే చాలు.

బహుమతి ఒక స్టాంపుల షీటు

డక్ స్టాంపు బొమ్మను 1949 నుంచి బహిరంగ పోటీలో ఎంపిక చేస్తున్నారు. గెలిచిన చిత్రకారుడికి ప్రభుత్వం నగదు ఇవ్వదు. తాను గీసిన బొమ్మతో అచ్చయిన స్టాంపుల షీటు ఒకటి అందుతుంది. అయినా దేశం నలుమూలల నుంచి చిత్రకారులు పోటీ పడతారు. మిన్నెసోటాకు చెందిన హాట్‌మన్ సోదరులు ముగ్గురూ ఈ పోటీలో ఒకటికి మించిన సార్లు గెలిచారు.

ఎల్క్ ధరపై సుప్రీంకోర్టు

1970ల మధ్యలో మోంటానా వాసి 9 డాలర్లకు ఎల్క్ లైసెన్సు తీసుకోగలిగేవాడు. బయటి రాష్ట్రంవారు అదే ఎల్క్‌ను వేటాడాలంటే 225 డాలర్ల ఉమ్మడి లైసెన్సు కొనక తప్పేది కాదు. ఇది వివక్ష అంటూ మిన్నెసోటా వేటగాళ్లు, ఒక మోంటానా గైడు కోర్టుకెక్కారు. 1978లో అమెరికా సుప్రీంకోర్టు 6-3 తీర్పుతో మోంటానా పక్షాన నిలిచింది. సరదా వేట పౌరుల మౌలిక హక్కుల్లోకి రాదని, పరిమితంగా ఉన్న మందలను ఏడాది పొడవునా సాకే భారం అక్కడివారు మోస్తున్నారని న్యాయమూర్తులు భావించారు. నేటికీ పడమటి రాష్ట్రాల శాఖలకు బయటివారి లైసెన్సులే పెద్ద ఆదాయం.

ఒక గొర్రె, 4,80,000 డాలర్లు

వంకీ కొమ్ముల బిగ్‌హార్న్ అడవి గొర్రెను వేటాడే అవకాశం మామూలు మనిషికి లాటరీలో తగలాలి. ఏళ్ల తరబడి దరఖాస్తు చేస్తూ ఎదురుచూసేవారు ఎందరో. దాంతోపాటు కొన్ని రాష్ట్రాలు ఏటా ఒకటి రెండు ప్రత్యేక లైసెన్సులను వేలం వేస్తాయి. 2013లో మోంటానా లైసెన్సు 4,80,000 డాలర్లకు పోయింది. వచ్చిన సొమ్మును అడవి గొర్రెల కోసమే వాడతారు. ధనవంతుడికి వరుస తప్పించే ఈ పద్ధతి న్యాయమేనా అన్న ప్రశ్న అక్కడ గట్టిగానే వినిపిస్తుంది. అది అడగాల్సిన ప్రశ్నే. వేలం ఒకటికో రెండుకో పరిమితమై, మిగతావన్నీ లాటరీలోనే ఉన్నంత వరకే దీన్ని సమర్థించగలం.

తిరిగొచ్చిన మందలు

1900 ప్రాంతంలో అమెరికాలో మిగిలిన తెల్లతోక జింకలు సుమారు 5 లక్షలని అంచనా. నేడు దాదాపు 3 కోట్లు. చాలా రాష్ట్రాల్లో కనుమరుగైన అడవి టర్కీ కోళ్లు ఇప్పుడు అలాస్కా తప్ప 49 రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. కెంటకీలో ఎల్క్‌లు పంతొమ్మిదో శతాబ్దంలోనే అంతరించాయి. 1997 నుంచి 2002 దాకా పడమటి రాష్ట్రాల నుంచి 1,541 ఎల్క్‌లను తెచ్చి, తవ్వకాలు ముగిసిన బొగ్గు గనుల నేలల్లో వదిలారు. వేటగాళ్ల విరాళాలతో నడిచే రాకీ మౌంటెన్ ఎల్క్ ఫౌండేషన్ అందుకు తోడ్పడింది. ఇప్పుడు అక్కడ పది వేలకు పైగా ఎల్క్‌లు ఉన్నాయని అంచనా. లైసెన్సుతో పాటు వేట రోజుల కట్టుబాటు, సంఖ్య మీద పరిమితి, గేమ్ వార్డెన్ల గస్తీ కలిసి సాధించిన ఫలితమిది.

గాలానికీ పన్ను

చేపల కోసం ఇదే నమూనాలో 1950లో డింగెల్-జాన్సన్ చట్టం వచ్చింది. గాలపు కర్రలు, రీళ్లు, కొక్కేల వంటి వాటిపై పన్ను ఉంటుంది. 1984 సవరణతో మోటారు పడవల ఇంధనం మీది పన్ను కూడా జతపడింది. టెక్సాస్‌లోనో, నార్త్ కరోలినాలోనో వారాంతాన పిల్లలతో చెరువుకు వెళ్లే మన తెలుగువారు ఫిషింగ్ లైసెన్సు తీసుకుని, దుకాణంలో ఒక గాలం కొన్నారంటే ఈ నిధిలో వారి చెయ్యీ పడినట్టే. ఆ సంగతి పిల్లలకు చెప్పండి. తాము పట్టి వదిలిన చేపతో తమకొక బాధ్యత ముడిపడి ఉందని వాళ్లకు తెలియాలి.

ఎనిమిది డాలర్లకు ఒక సెంటు

వన్యప్రాణులు అందరివీ అయినప్పుడు ఖర్చు ఒక్క వేటగాడే ఎందుకు భరించాలి? మిస్సోరీ ఓటర్లు 1976లో దీనికి జవాబిచ్చారు. అమ్మకం పన్నులో ఒక శాతంలో ఎనిమిదో వంతు ప్రకృతి రక్షణకు కేటాయించేలా రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించారు. 8 డాలర్ల సరుకు కొంటే ఒక సెంటు. 1996లో ఆర్కాన్సా ఓటర్లూ అదే దారిలో నడిచారు. కొలరాడో 1977లో మరో మార్గం తెరిచింది. ఆదాయపు పన్ను పత్రంలో ఒక గడిలో టిక్కు పెట్టి, వేటకు సంబంధం లేని జీవుల కోసం విరాళం ఇవ్వవచ్చు.

తరుగుతున్న పునాది

1980ల ఆరంభంలో అమెరికాలో డబ్బు కట్టి లైసెన్సు తీసుకున్న వేటగాళ్లు దాదాపు 1 కోటీ 70 లక్షలు. ఇప్పుడు సుమారు కోటిన్నర. ఈలోగా దేశ జనాభా 23 కోట్ల నుంచి 33 కోట్లు దాటింది. మరోవైపు, ప్రత్యేక రక్షణ కావాలని రాష్ట్రాలే గుర్తించిన జాతులు 12 వేలకు పైగా ఉన్నాయి. కప్పలు, సీతాకోకచిలుకలు, చిన్న పిట్టలు, నదుల్లోని ఆల్చిప్పలు అందులో ఉన్నాయి. వాటిని ఎవరూ వేటాడరు, అందువల్ల వాటి పేరున లైసెన్సు డబ్బూ రాదు. బైనాక్యులర్లు, గుడారాల వంటి వాటి మీద పన్ను వేద్దామన్న 1990ల నాటి ప్రయత్నం ముందుకు సాగలేదు. రాష్ట్రాలకు ఏటా 130 కోట్ల డాలర్ల మేర నిధులిచ్చే బిల్లు 2022 జూన్‌లో ప్రతినిధుల సభలో 231-190 ఓట్లతో నెగ్గింది, సెనేట్‌లో మాత్రం గట్టెక్కలేదు.

మన చట్టం సంగతి

మన దేశంలోనూ ఒకప్పుడు వేట లైసెన్సులు ఉండేవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి రూపంలో పెద్ద జంతువులకు, చిన్న జంతువులకు వేర్వేరు లైసెన్సుల ప్రస్తావన ఉంది. 1991 సవరణ వాటిని తొలగించింది. మన అడవులకు అది సరైన నిర్ణయమని నా నమ్మకం. అమెరికా నుంచి మనం తెచ్చుకోవాల్సింది తుపాకీ కానే కాదు, రాబర్ట్‌సన్ పెట్టిన షరతు. ఆ దిశగా ఒక అడుగు ఇప్పటికే పడింది. పులుల అభయారణ్యాల్లో సందర్శకులు కట్టే రుసుమును ఆ అభయారణ్యం కోసమే తిరిగి వాడేలా ప్రత్యేక ఫౌండేషన్లకు 2006 సవరణ చోటిచ్చింది. అమ్రాబాద్‌లోనో, నాగార్జునసాగర్-శ్రీశైలంలోనో సఫారీ టికెట్టు కొన్నప్పుడు, ఈ డబ్బు నల్లమలకు ఏ రూపంలో చేరుతోందని కౌంటరు దగ్గర అడగండి. ఆ ప్రశ్నను పదిమంది అడిగితే లెక్క బయటికి వస్తుంది. లెక్క బయట ఉన్నచోట సొమ్ము పక్కదారి పట్టడం కష్టం.