పాస్టరు గారి ఇల్లు మారినప్పుడు



మన సరిహద్దు జిల్లాల్లో చాలా ఊళ్లవాళ్లకు పరిచయమైన దృశ్యం ఒకటుంది. ఎండాకాలం సెలవుల్లో చర్చి ఆవరణలోని ఇంటి ముందు ఒక లారీయో, ట్రాక్టరో ఆగి ఉంటుంది. మంచాలు, బీరువా, గ్యాసు పొయ్యి, పుస్తకాల పెట్టెలు, హార్మోనియం, పెరట్లోంచి తవ్వి డబ్బాలో పెట్టిన మల్లె అంటు, ఒకటొకటిగా బండి ఎక్కుతుంటాయి. సంఘస్థులు చుట్టూ నిలబడి ప్రార్థన చేస్తారు. ఆడవాళ్లు కొంగుతో కళ్లొత్తుకుంటారు. పాస్టరు గారికి బదిలీ అయింది. కొన్నాళ్లకు అదే ఇంటి ముందు మరో బండి వచ్చి ఆగుతుంది. కొత్త అయ్యగారు, కొత్త అమ్మగారు, కొత్త పిల్లలు దిగుతారు.

బదిలీ ఉత్తరువు ఒక్కరి పేరునే వస్తుంది. కదిలేది మాత్రం ఇంటిల్లిపాదీ. ఈ రాకపోకల వెనుక ఉండే కుటుంబ జీవితం గురించి ఈ పూట కొంచెంసేపు మాట్లాడుకుందాం.

అసలు సంఘకాపరికి కుటుంబం ఉండటమనేది ఎక్కడ మొదలైంది? జర్మనీలో సంస్కరణోద్యమం నడిపిన మార్టిన్ లూథరు ఒకప్పుడు సన్యాసి. 1525లో ఆయన కాతరీనా వాన్ బోరా అనే ఆమెను పెళ్లాడారు. ఆమె కూడా మఠం విడిచి వచ్చిన కన్యస్త్రీయే. విట్టెన్‌బర్గ్ పట్టణంలో ఒకప్పటి మఠమే వారి ఇల్లయింది. ఆరుగురు పిల్లలు పుట్టారు. ఆ ఇంట్లో విద్యార్థులు, అతిథులు, బంధువులు ఎప్పుడూ నిండి ఉండేవారు. తోట వేసి, పశువులను సాకి, ఖర్చులు లెక్క చూసి ఆ ఇంటిని నడిపింది కాతరీనాయే. లూథరు మాటకు వెల కట్టలేం గాని, ఆ ఇంట్లో రోజూ అన్నం ఉడికిందంటే అది ఆమె చలవ. ప్రొటెస్టెంటు సంఘాల్లో పాస్టరు గారి ఇల్లు అనే మాటకు ఈ ఇల్లే తొలి నమూనాల్లో ఒకటి. ఆమె సంగతి చివర్లో మళ్లీ చెప్పుకుందాం.

ఇక బదిలీల సంగతి. ఇంగ్లండులో మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడు జాన్ వెస్లీ. ఆయన తండ్రి ఎప్‌వర్త్ అనే ఊళ్లో గురువుగా దాదాపు నలభై ఏళ్లు ఒకేచోట ఉన్నారు. కొడుకు మాత్రం గుర్రమెక్కి ఊరూరా తిరిగారు. తన బోధకులను కూడా అలాగే తిప్పారు. 1784లో ఆయన రాయించిన దస్తావేజు ప్రకారం, సాధారణంగా ఒక బోధకుణ్ణి మూడేళ్లకు మించి ఒకేచోట నియమించడానికి వీల్లేదు. ఇందుకు కారణాలు లేకపోలేదు. ఒకే మనిషి అన్ని సంఘాలకూ సరిపోడు. ఒకరు బోధలో గట్టి, మరొకరు ఇంటింటికీ వెళ్లి పలకరించడంలో గట్టి. తిరుగుతుంటే అందరి వరాలూ అందరికీ అందుతాయి. ఒకచోట పాతుకుపోతే ముఠాలు పుట్టే ప్రమాదమూ ఉంది.

అయితే ఈ ఏర్పాటులో ఇల్లు ఏమైపోతుంది? వెస్లీ జీవితమే దీనికి సాక్ష్యం. 1751లో ఆయన పెళ్లి చేసుకున్నారు గాని ప్రయాణాలు మానలేదు. ఆ కాపురం సుఖంగా సాగలేదు. పిల్లల చదువు సమస్య కూడా ఆనాడే ఎదురైంది. 1748లో ఆయన బ్రిస్టల్ దగ్గర కింగ్స్‌వుడ్‌లో ఒక బడి పెట్టారు. తర్వాతి కాలంలో అది ఊరూరా తిరిగే బోధకుల కుమారులకు బోర్డింగు బడిగా స్థిరపడింది. నాన్న ఊళ్లు మారుతుంటే పిల్లవాడు ఎక్కడ చదవాలి అనే ప్రశ్న అంత పాతది.

మన ప్రాంతానికి వద్దాం. బళ్లారిలో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ హ్యాండ్స్ 1810లో పని మొదలుపెట్టారు. ఒడిశా వైపు జైపూరు, కొరాపుట్ ప్రాంతానికి 1882లో జర్మనీ లూథరన్ మిషనరీలు వచ్చారు. ఈ సరిహద్దులోనే పుట్టి పెరిగిన పురుషోత్తమ చౌదరి గారిని తెలుగు క్రైస్తవులెవరూ మరచిపోలేరు. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొంది, 1890 వరకు జీవించిన ఆ కవి ఎన్నో తెలుగు కీర్తనలు రచించారు. ఆయన సేవ కూడా ఒక్క ఊరికి పరిమితం కాలేదు. శ్రీకాకుళం, బరంపురం, కటకం వంటి ఊళ్లన్నీ ఆయన జీవితంలో కనిపిస్తాయి. అంటే మన సరిహద్దు తెలుగువారిలో సంఘసేవకుడంటే మొదటినుంచీ ప్రయాణికుడే.

ఈనాడు బదిలీ పద్ధతి అన్ని సంఘాల్లోనూ ఒక్కటి కాదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆంగ్లికన్లు, వెస్లియన్ మెథడిస్టులు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంఘాలవారు అందులో కలిశారు. అక్కడ డయాసిస్ పరిధిలో బిషప్పు గారు, పాలక సభలవారు కలిసి నియామకాలు చేస్తారు. బీదరు, జహీరాబాదు, వికారాబాదు వైపు పనిచేసిన అమెరికన్ మెథడిస్టులు అందులో చేరలేదు. ఆ సంఘం 1981లో భారతదేశ మెథడిస్టు సంఘంగా స్వతంత్రమైంది. అందులో కాన్ఫరెన్సు సభ ముగింపులో బిషప్పు గారు నియామకాల జాబితా చదవడం సంప్రదాయం. పాస్టరమ్మ గార్లు ఊపిరి బిగబట్టి వినే జాబితా అది. బాప్టిస్టు సంఘాల పద్ధతి వేరు. అక్కడ ఏ సంఘానికి ఆ సంఘమే తన కాపరిని పిలుచుకుంటుంది. పిలుపు వచ్చినా, ఉత్తరువు వచ్చినా సామాను సర్దడం మాత్రం ఒకటే.

ఇప్పుడు ఇంట్లోకి తొంగి చూద్దాం. కబురు సాధారణంగా మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో వస్తుంది. పిల్లల పరీక్షలు అయ్యేదాకా ఇంట్లో ఎవరూ పైకి మాట్లాడరు. తర్వాత ప్రశ్నలు మొదలవుతాయి. కొత్త ఊళ్లో నీళ్లు ఎట్లా వస్తాయి? ఆసుపత్రి ఎంత దూరం? అత్తగారు మందులు వాడుతున్నారు, అక్కడ దొరుకుతాయా? పాస్టరేటు కింద ఎన్ని పల్లె సంఘాలున్నాయి? పల్లెలు ఎక్కువుంటే అయ్యగారు ఆదివారం ఏ రాత్రికో గాని ఇల్లు చేరరు. క్రిస్మసు, ఈస్టరు వచ్చాయంటే లోకమంతా కుటుంబంతో గడుపుతుంటే, ఆ ఇంట్లో మాత్రం తండ్రి పల్లెపల్లెకూ తిరుగుతుంటాడు. పండుగ భోజనం ఆ పిల్లలు మర్నాడు చేస్తారు.

అమ్మగారి సంగతి చూడండి. ఆమె టీచరో, నర్సో అయితే భర్త బదిలీ ఆమె ఉద్యోగాన్ని కూడా కదిలిస్తుంది. ప్రైవేటు కొలువైతే మానుకుని, కొత్తచోట తక్కువ జీతానికి మళ్లీ మొదటినుంచి చేరాలి. ప్రభుత్వ కొలువైతే భర్త ఒక ఊళ్లో, భార్య ఒక ఊళ్లో. ఉద్యోగం లేని అమ్మగారికి పని లేదా అంటే, అదేం కాదు. స్త్రీల సమాజం, సండే స్కూలు, రోగుల పరామర్శ, వేళగాని వేళ వచ్చిన అతిథికి అన్నం, ఇవన్నీ ఆమెవే. వీటికి జీతం లేదు. పైగా, "పోయిన అమ్మగారు ఎంత బాగా పాడేవారో" అనే మాట వచ్చిన నెలలోనే చెవిన పడుతుంది. ఆ పోయిన అమ్మగారు కూడా తన కొత్త ఊళ్లో ఇదే మాట వింటూ ఉంటుంది.

సరిహద్దులో ఉన్న మనకు ఇంకో చిక్కు ఉంది. అది భాష. హోసూరు, బళ్లారి, షోలాపూరు, బరంపురం వంటి చోట్ల ఆరాధన తెలుగులో జరిగినా బడి తెలుగులో ఉండకపోవచ్చు. పాఠశాలల్లో రాష్ట్ర భాషను తప్పనిసరి చేస్తూ తమిళనాడు 2006లో, కర్ణాటక 2015లో, తెలంగాణ 2018లో, మహారాష్ట్ర 2020లో చట్టాలు తెచ్చాయి. ఏ రాష్ట్రం కోరిక దానిది, తప్పు పట్టలేం. కాని ఆరో తరగతి దాకా తెలుగు చదివిన పిల్లవాడు ఏడులో కన్నడ అక్షరాలు దిద్దాలి. అవి పట్టుబడే వేళకు తండ్రికి మళ్లీ బదిలీ కావచ్చు.

కాగితాల సంగతి ఇంకా సున్నితం. రిజర్వేషను జాబితాలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో దళిత క్రైస్తవులు బి.సి.-సి కిందికి వస్తారు. ఆ సర్టిఫికెట్టు పొరుగు రాష్ట్రపు సీటుకు పనికిరాదు. తెలుగు రాష్ట్రాల్లో స్థానికతను పిల్లవాడు ఏ ఏ ఏళ్లు ఎక్కడ చదివాడనే దాన్నిబట్టి లెక్క చూస్తారు. కాకినాడ నుంచి యానాం సుమారు ముప్పై కిలోమీటర్లు. అంత దగ్గరైనా అది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం. అందుకని పిల్లలున్న పాస్టరు దంపతులు చేయవలసిన పని ఒకటుంది. ప్రతి బడి నుంచీ టి.సి.తో పాటు, చదివిన సంవత్సరాలు తెలిపే స్టడీ సర్టిఫికెట్టు ఊరు విడవక ముందే తీసుకుని భద్రపరచుకోవాలి. పదేళ్ల తర్వాత అయిదు ఊళ్లు తిరిగి వాటిని సంపాదించడం ఎంత కష్టమో పడినవారికే తెలుసు.

పిల్లల మనసు మాటేమిటి? స్నేహితులను వదలడం ఒక బాధ. పాస్టరు గారి పిల్లలని ఊరంతా వేయి కళ్లతో చూడటం మరో బాధ. అందరి పిల్లలూ చేసే అల్లరే వాళ్లు చేస్తే అది సంఘపెద్దల దాకా వెళుతుంది. "మీది ఏ ఊరు?" అని అడిగితే వాళ్లు ఒక్క క్షణం ఆగుతారు. పుట్టిన ఊరు చెప్పాలా, ఇప్పుడున్న ఊరు చెప్పాలా? అయితే లాభం లేదని కాదు. మూడు భాషలు పలుకుతారు, నలుగురిలో జంకు లేకుండా నిలబడతారు, పాట, వాద్యం పట్టుబడతాయి. ఏ ఊరు వెళ్లినా పేరు పెట్టి పలకరించే ఇల్లు ఒకటి ఉంటుంది. బరువు, భాగ్యం రెండూ ఉన్న బాల్యం అది.

శ్రోతలారా, అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇల్లు. పాస్టరు గారు ముప్పై, నలభై ఏళ్లు ఉండేది సంఘం ఇచ్చిన ఇళ్లలో. అద్దె లేదు నిజమే. కాని ఆ ఇల్లు ఉద్యోగంతో వచ్చింది, ఉద్యోగంతో పోతుంది. కొద్ది జీతంతో పిల్లలను చదివించాక సొంత ఇంటికి మిగిలేది తక్కువ. విశ్రాంతి తీసుకునే రోజున ఎక్కడికి వెళ్లాలి? కాపరి సేవలో ఉండగానే కన్నుమూస్తే ఆ తల్లి పిల్లలతో ఎక్కడికి వెళ్లాలి? కొత్త పాస్టరు గారికి ఆ ఇల్లు కావాలి కదా.

ఇక్కడ కాతరీనా మళ్లీ గుర్తుకొస్తుంది. 1546లో లూథరు మరణించారు. ఆస్తి భార్యకు చెందాలని ఆయన రాసిన వీలునామా ఆనాటి చట్టం ప్రకారం చెల్లుబాటు కావడానికి అడ్డంకులు వచ్చాయి. యుద్ధం వల్ల ఆమె పిల్లలతో ఊరు విడిచి పారిపోవలసి వచ్చింది. తిరిగి వచ్చేసరికి పొలాలు పాడైపోయాయి. 1552లో మహమ్మారికి భయపడి టోర్గౌ పట్టణానికి వెళుతుండగా బండి ప్రమాదంలో గాయపడి, ఆ ఏడాది చివర అక్కడే చనిపోయింది. అంతటివాని భార్యకే ఆ గతి పట్టిందంటే, మారుమూల పాస్టరేటులోని ఒక పాస్టరమ్మ గారి విషయంలో మనం ఎంత ముందుచూపుతో ఉండాలి!

సంఘాలు చేయగలిగిన పనులు పెద్దవేమీ కావు. కొత్త కుటుంబం రాకముందే ఇంటికి సున్నం వేయించి, కుళాయి, కరెంటు సరిచూడాలి. వచ్చిన మొదటి రెండు మూడు రోజులు వంట సంగతి ఇరుగుపొరుగు చూసుకోవచ్చు. పిల్లల్ని బడిలో చేర్చేటప్పుడు ఆ ఊరి భాష బాగా తెలిసిన ఒకరు వెంట వెళ్లాలి. పదో తరగతి పిల్లలున్న ఇంటిని ఆ ఏడాది కదపవద్దని పెద్దలు మనవి చేయవచ్చు. కోత పండుగ కానుకల్లో కొంత భాగం పాస్టరు గారి విశ్రాంత కాలపు ఇంటి కోసం ఏటా పక్కన పెట్టవచ్చు. సేవలో ఉన్న దంపతులు కూడా తొలి ఏళ్లలోనే ఇద్దరి పేరునా చిన్న పొదుపు మొదలుపెట్టి, బీమా, నామినేషను కాగితాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

ఈసారి మీ ఊరి చర్చి ముందు బండి ఆగినప్పుడు, మీరు ఏ మతస్థులైనా సరే, ఒక చెయ్యి వేయండి. పక్కన బిక్కమొహం వేసుకుని నిలబడ్డ పిల్లవాణ్ణి పేరు అడగండి. ఏ ఊరు అని మాత్రం వెంటనే అడగకండి. కొన్నాళ్లుంటే ఇదే తన ఊరని వాడే చెబుతాడు.