అల్లుడి ఊరికి అడవి దారి

ఉగాది దగ్గర పడిందంటే మా ఎమ్మిగనూరు రోడ్ల నిండా కన్నడమే వినిపిస్తుంది. విజయపుర, బాగల్‌కోట, రాయచూరు వైపు నుంచి గుంపులు గుంపులుగా శ్రీశైలానికి నడిచిపోతుంటారు. వందల కిలోమీటర్ల నడక. కొందరు మొక్కుబడికి కర్రకాళ్లు కట్టుకుని మరీ నడుస్తారు. భ్రమరాంబ వాళ్లింటి ఆడబిడ్డ, మల్లన్న అల్లుడు. పండక్కి కూతురికి చీర, సారె పట్టుకెళ్లాలి కదా, అదీ వాళ్ల లెక్క. అలాంటి ఒక గుంపు వెంట నల్లమల దారిలో నేనూ నడిచాను.

ఆత్మకూరు దాటాక వెంకటాపురం దగ్గర అడవి మొదలు. నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలానికి సుమారు 40 కిలోమీటర్లు. ఇది పులుల అభయారణ్యం. శివరాత్రికి, ఉగాదికి మాత్రం అటవీశాఖ కొద్దిరోజులు దారి వదులుతుంది. ప్లాస్టిక్ కవర్లు తీసేసుకున్నారు. అగ్గిపెట్టెలు, బీడీల కోసం మగవాళ్ల జేబులు తడిమారు. నేలంతా ఎండుటాకే మరి, ఒక్క నిప్పురవ్వ చాలు.

నాగలూటిలో వీరభద్రుడి గుడి దగ్గర సేద తీరి కొండెక్కాం. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడని శాసనాలు చెబుతాయి. ఈ దారిలో మెట్లంటే ఒక రాయి మోకాలెత్తు, పక్కది జానెడు. 'కాశీయాత్ర చరిత్ర' రాసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి బయల్దేరి, మధ్యలో ఈ దారినే శ్రీశైలం చేరాడు. అప్పట్లో యాత్రికుల దగ్గర కందనూరు (కర్నూలు) నవాబు పన్ను వసూలు చేసేవాడట. ఇప్పుడు అంతా ఎదురు. చెట్ల కింద మజ్జిగ పోస్తున్నారు, అన్నం, సాంబారు పెడుతున్నారు. వద్దన్నా వదలరు. "ఊట ఆయ్తా?" (భోజనం అయిందా?) అని అడగని మనిషి లేడు.

నేను ఎక్కువగా నడిచింది ఇలకల్ వైపు నుంచి వచ్చిన ఒక అవ్వతో. ఆమె మూటలో గలగలలాడే ఎండు జొన్నరొట్టెలు, బుడ్డల పొడి. రొట్టె విరిచి, పొడి వేసి, పచ్చి ఉల్లిగడ్డ చేతిలో పెడుతుంది. ఎనర్జీ బార్లు కొనుక్కొచ్చిన హైదరాబాదు కుర్రాళ్లు కూడా చివరికి ఆ మూట చుట్టూనే చేరారు.

తెల్లవారుజామున నడుస్తుంటే ఇప్పపూల వాసన మత్తుగా తగిలింది. ఆ పూలంటే ఎలుగుబంట్లకు మహా ఇష్టం. అందుకేనేమో, ఆ కాస్త దూరం మల్లయ్య పేరు అందరి నోటా గట్టిగా పలికింది!

పెద్దచెరువు గూడెం దగ్గర ఒక చెంచు తాత నన్నారి వేళ్ల కట్టలు ముందేసుకుని కూర్చున్నాడు.

"యా ఊరికమ్మా?" అన్నాడు, తెలిసీ.

"మా అల్లుని ఊరికి," అంది అవ్వ, వచ్చీరాని తెలుగులో.

"మీ అల్లుడేంది? మల్లయ్య మా చెంచు పిల్లను చేసుకున్నాడు. మాకు అల్లుడు."

అవ్వ కాసేపు ఆయన వంక చూసి పకపకా నవ్వింది. "అయితే నువ్వూ నేనూ బీగరే!" అంటూ వియ్యంకుడికిచ్చినట్టే రొట్టె ఇచ్చింది. ఆయన వేళ్ల కట్ట ఇస్తే డబ్బులు ఇవ్వబోయింది, తీసుకోలేదు. శివుడి మీద పుస్తకాలు చాలానే చదివాను గానీ, ఆయనకు ఇంతమంది అత్తింటివాళ్లున్నారని ఆ చెట్టు కిందే తెలిసింది.

అసలు పరీక్ష భీమునికొలను. లోయలోకి దిగేటప్పుడు మోకాళ్లు వణుకుతాయి. కొలను దగ్గర చల్లటి నీళ్లు ముఖాన కొట్టుకుని తలెత్తితే ఎదురుగా నిటారుగా మెట్లు, పైన ఎక్కడో కైలాసద్వారం. కొందరు నాలుగు మెట్లెక్కి కూర్చుంటున్నారు, కొందరు చేతులు ఆన్చి పాకుతున్నారు. నేను ఆయాసపడితే అవ్వ వెనక్కి తిరిగి, "నిధాన తాయీ, నిధాన," అనేది. ఆమె మాత్రం నిదానించలేదు.

కైలాసద్వారం చేరగానే జీపులవాళ్లు చుట్టుముట్టారు. అవ్వ వాళ్ల వంకైనా చూడకుండా మూట విప్పి, అడుగున గుడ్డలో చుట్టిన ఇలకల్ చీరకు దుమ్ము అంటిందేమోనని మడత మడతా తడిమింది. గుడి దాకా నడిచే వెళ్లింది.

తిరుగు ప్రయాణం మాత్రం అందరిదీ బస్సే. బస్టాండులో నేను కుంటుకుంటూ వెళ్లేసరికి అవ్వ కిటికీలోంచి తువ్వాలు వేసి రెండు సీట్లు పట్టేసింది.