మతిమరుపు వెనుక ఓ చిన్న కళ్ళెం

"రక్తంలో మైక్రో ఆర్‌ఎన్‌ఏ చూసి అల్జీమర్స్ ఉందో లేదో చెప్పేస్తారటగా?" అని ఈమధ్య పడమటి మాంబళంలో ఇద్దరు ముగ్గురు నన్నడిగారు. ఇంట్లో పెద్దవాళ్ళున్న ప్రతివారికీ ఉన్న బెంగే ఇది.

మన కణాల్లో జన్యువులు పంపే సందేశాలను బట్టి ప్రోటీన్లు తయారవుతాయి. మైక్రో ఆర్‌ఎన్‌ఏ అంటే సుమారు 22 అక్షరాల పొట్టి పోగు. తనకు సరిపడే సందేశాన్ని పట్టుకుని ఆ ప్రోటీన్ ఉత్పత్తిని తగ్గిస్తుంది, గుర్రానికి కళ్ళెంలాగ. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గారీ రవ్‌కున్ మిల్లీమీటరు పొడవు పురుగులో దీని సంగతి బయటపెట్టారు. పురుగుల గొడవ మనకెందుకనుకున్నారేమో, చాలామంది పట్టించుకోలేదు! నోబెల్ బహుమతి 2024లో వచ్చింది.

అల్జీమర్స్ రోగుల మెదడులో ఎమిలాయిడ్ అనే పదార్థం పేరుకుంటుంది. అది తయారు కావడానికి బేస్-1 అనే ఎంజైము కావాలి. ఆ ఎంజైముకు కళ్ళెం వేసే వాటిలో మైఆర్-29 ఒకటి. కొందరు రోగుల మెదళ్ళలో మైఆర్-29 తగ్గి, బేస్-1 పెరిగి ఉన్నట్టు 2008లో బెల్జియం శాస్త్రజ్ఞులు ప్రకటించారు. కళ్ళెం వదులై జబ్బు వచ్చిందా, జబ్బు వల్ల కళ్ళెం వదులైందా అన్నది ఇంకా పూర్తిగా తేలలేదు.

రక్తపరీక్ష మాటకొస్తే, ఒక పరిశోధనశాల ఫలితం మరోచోట సరిపోవడం లేదు. కాబట్టి మైక్రో ఆర్‌ఎన్‌ఏ పరీక్షకు ఇప్పుడే డబ్బు పోయకండి. ముందు బి-12, థైరాయిడ్ చూపించండి; వాటి లోపంతో వచ్చే మరపు మందులతో తగ్గవచ్చు. 1984లో డాక్టర్ శారదా మీనన్ స్థాపించిన స్కార్ఫ్ సంస్థ మన చెన్నైలోనే ఉంది. డిమెన్షియా రోగులనూ చూస్తారు. చెవులు కూడా పరీక్ష చేయించండి. సగం మాట వినబడక ఊరుకున్న పెద్దవాళ్ళను మతిమరుపు ఖాతాలో వేసేస్తుంటాం.