ల్యాప్‌టాప్ కొనబోయే ముందు

(రేడియో ప్రసంగ పాఠం)

వేసవి సెలవులు సగం గడిచేసరికి అమెరికాలో మన ఇళ్ళల్లో మొదలయ్యే ప్రశ్న ఒకటుంది: "పిల్లాడు కాలేజీకి వెళుతున్నాడండీ, ఏ ల్యాప్‌టాప్ కొనమంటారు?" దాని వెనకే ఇంకోటి వస్తుంది: "డిసెంబర్లో ఇండియా వెళుతున్నాం, అమ్మావాళ్ళకి ఒకటి పట్టుకెళ్దామనుకుంటున్నాం, ఏది మంచిది?" ఈ రెండింటికీ ఒకే జవాబు చెప్పేవాళ్ళ మాట మీరు వినకండి. ఏ కంపెనీ మంచిదో నేను చెప్పను. ప్రతి కంపెనీ మంచివీ చేస్తుంది, నాసిరకానివీ చేస్తుంది. డబ్బు ఎక్కడ పెట్టాలో మాత్రం చెబుతాను. కొన్న తర్వాత మార్చుకోవడానికి వీల్లేని వాటి మీద పెట్టండి.

అలాంటి వాటిలో మొదటిది మెమరీ, అంటే ర్యామ్. దీనికీ, ఫైళ్ళు దాచుకునే డిస్కుకీ తేడా తెలియక చాలామంది తికమక పడతారు. ర్యామ్ వంటింట్లో గట్టు లాంటిది, డిస్కు సామాన్ల గది లాంటిది. సామాన్ల గది ఎంత పెద్దదైనా, గట్టు మీద చోటు లేకపోతే కూర తరిగే పళ్ళెం తీసి పక్కన పెట్టి గానీ పిండి కలపలేం. పది వెబ్ పేజీలు, ఒక వీడియో కాల్, ఒక వర్డ్ ఫైలు కలిసి తెరిచినప్పుడు ల్యాప్‌టాప్ నత్తనడక నడిచేది అందుకే. ఒకప్పుడు వెనక మూత విప్పి ఇంకో ర్యామ్ ముక్క పెట్టుకునేవాళ్ళం. ఇప్పుడు సన్నటి మోడళ్ళలో చాలావాటికి అది బోర్డుకే అతికించి వస్తోంది. కొన్న రోజు ఎంతో, పారేసే రోజుకీ అంతే. అందుకని ఐదారేళ్ళు వాడదామనుకుంటే 16 గిగాబైట్లు తీసుకోండి. ఈమెయిలూ, యూట్యూబూ మాత్రమే చూసేవాళ్ళకి 8 సరిపోతుంది. ఆపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్‌లో కనీస ర్యామ్‌ని 2024 అక్టోబరులో 8 నుంచి 16కి పెంచారు. అంతకు ముందు అమ్మిన సరుకు చవగ్గా దొరికితే ఈ అంకె చూసి మరీ కొనండి. 2025 చివరి నుంచీ మెమరీ చిప్పుల ధరలు బాగా పెరిగాయి కాబట్టి, కంపెనీలు పిసినారితనం చూపించేది కూడా ఇక్కడే.

డిస్కు విషయం తొందరగా చెప్పేస్తాను. ఎస్.ఎస్.డి. అని ఉండాలి, 256 గిగాబైట్లకు తగ్గకూడదు. బాగా చవక వాటిల్లో 64 గిగాబైట్ల ఇ.ఎం.ఎం.సి. అని ఉంటుంది. దాంట్లో విండోస్ కూర్చున్నాక ఇంటివాళ్ళకి చోటుండదు.

ఇక ప్రాసెసర్. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. "ఐ7 అండీ, ఐ5 కంటే గొప్పది" అని కొట్టువాడు అంటాడు. ఆ మాట ఒకే తరం చిప్పుల మధ్య అయితే చాలావరకు నిజం. తరం మారితే లెక్క మారిపోతుంది. ఉదాహరణ చెబుతాను. ఇంటెల్ 2016లో తెచ్చిన ఐ7-7500యు లో రెండే కోర్లు. ఏడాది తిరగ్గానే వచ్చిన ఐ5-8250యు లో నాలుగు. పేరులో చిన్నదే పనిలో పెద్దదైంది. గీత తర్వాత వచ్చే మొదటి అంకె తరం చెబుతుంది. అక్కడ 10, 12, 13 ఉంటే పదో తరం, పన్నెండో తరం, పదమూడో తరం అన్నమాట.

ఈ తరం గొడవ ఇప్పుడు ఇంకో కారణం చేత ముఖ్యం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 కేమో, ఇంటెల్ చిప్పుల్లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అధికారికంగా అనుమతి. కాబట్టి ఆఫీసులు వదిలించుకున్న పాత ల్యాప్‌టాప్‌లు మెరుగుపెట్టి "ఐ7, 16 గిగాబైట్లు, చవక బేరం" అని అమ్ముతుంటే, నేను ముందు ఆ అంకె చూస్తాను. అలాగని పాతవన్నీ చెడ్డవని కాదు. పదకొండో తరానివో, పన్నెండో తరానివో ఆఫీసు మోడళ్ళు గట్టి కీబోర్డుతో, గట్టి కీళ్ళతో ఉంటాయి. కొత్త నాసిరకం కంటే నేను వాటికే ఓటేస్తాను.

కాలేజీ పిల్లలకి కొనేముందు ఒక్క పని చేయండి. చేరబోయే డిపార్ట్‌మెంటు వాళ్ళు ఏ ల్యాప్‌టాప్ కావాలో తమ వెబ్ పేజీలో రాస్తారు. అది చదవండి. మెకానికల్ ఇంజనీరింగ్ పిల్లవాడికి సాలిడ్‌వర్క్స్ కావలసి వస్తే అది విండోస్ మీదే నడుస్తుంది, మ్యాక్ కొనిపెడితే వాడు లేబరేటరీల చుట్టూ తిరగాలి. 2024 నుంచి వస్తున్న స్నాప్‌డ్రాగన్ చిప్పుల విండోస్ ల్యాప్‌టాప్‌లు ఛార్జింగ్ బాగా నిలుపుతాయి గానీ, అవి వేరే జాతి చిప్పులు. కొన్ని ఇంజనీరింగ్ ప్రోగ్రాములూ, పాత ప్రింటర్లూ వాటితో మాట్లాడవు. చదువు వ్యాసాలూ, లెక్కలూ వరకే అయితే ఇవేవీ అడ్డం కాదు, బరువు తక్కువది చూసుకోండి. క్యాంపస్‌లో రోజంతా వీపున మోసేది వాళ్ళు, మనం కాదు.

బడి పిల్లలకి క్రోమ్‌బుక్ చాలు. కాకపోతే దానికో గడువు తేదీ ఉంటుంది. 2021 నుంచి వచ్చినవాటికి గూగుల్ పదేళ్ళ పాటు అప్‌డేట్లు ఇస్తుంది గానీ, ఆ పదేళ్ళు మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ రకం మొదట విడుదలైన రోజు నుంచి. కొట్లో మూడేళ్ళు మూలన పడి ఉన్నదాన్ని కొంటే మీకు మిగిలేది ఏడేళ్ళే.

ఇండియాలో అమ్మానాన్నలకి తీసుకెళ్ళేవాళ్ళకి ఒక మాట. ఛార్జర్ మీద సన్నటి అక్షరాలు కళ్ళజోడు పెట్టుకుని చదవండి. 100-240 వోల్టులు, 50-60 హెర్ట్జ్ అని ఉంటే అక్కడి 230 వోల్టులకి నేరుగా పనిచేస్తుంది. బరువైన ట్రాన్స్‌ఫార్మర్ మోసుకెళ్ళక్కర్లేదు. ఛార్జర్ నుంచి గోడకి వెళ్ళే తీగ విడిగా ఊడి వచ్చేదైతే, అలాంటిదే ఇండియా ప్లగ్గుతో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో కొనుక్కోవచ్చు. అదే మేలు, ఎందుకంటే వదులుగా వేలాడే అడాప్టర్లతో పెద్దవాళ్ళు అవస్థ పడతారు. కస్టమ్స్ వారి నియమం ప్రకారం 18 ఏళ్ళు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్ సుంకం లేకుండా తీసుకెళ్ళవచ్చు. మీదొకటీ, నాన్నగారిదొకటీ మీ సంచీలోనే పెడితే రెండోదానికి సుంకం అడగొచ్చు. ఒకటి మీ ఆవిడ చేతి సంచీలో పెట్టించండి.

వారంటీ సంగతి మాత్రం కొనకముందే తేల్చుకోవాలి. కొన్ని మోడళ్ళ వారంటీ కొన్న దేశం దాటదు. ఏడాది లోపల తెర పోతే, అమలాపురంలో ఉన్న మీ నాన్నగారు దాన్ని అమెరికా పంపలేరు కదా. ఇండియాలో వర్తించకపోతే, వంద డాలర్లు మిగిలినా ఇక్కడ కొనడం దండగ. అక్కడే కొనిచ్చి, బిల్లు నాన్నగారి పేరు మీద రాయించండి.

పెద్దవాళ్ళకి తెర 15 అంగుళాలు, 1920×1080 ఉండాలి. 1366×768 తెర మీద అక్షరం పెద్దది చేస్తే సగం పేజీ కనిపించదు. తెలుగు టైపింగుకి వేరే ఏమీ కొననక్కర్లేదు. విండోస్ 10లో 2019 నుంచీ, ఇప్పుడు 11లోనూ తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. సెట్టింగుల్లో తెలుగు భాష చేర్చుకుంటే ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రాయవచ్చు. ఆ పని మీరే చేసి ఇచ్చి రండి.

పన్ను విషయం కొందరు అడిగారు. టెక్సస్‌లో ఆగస్టు పన్ను సెలవు బట్టలకీ, బళ్ళో సామాన్లకీ గానీ కంప్యూటర్లకి కాదు. ఫ్లోరిడాలో ఆగస్టులో 1,500 డాలర్ల లోపు కంప్యూటర్లకి ఉంది. పిల్లలకి కాలేజీ ఈమెయిలు వచ్చేదాకా ఆగితే విద్యార్థుల తగ్గింపు కూడా అడగవచ్చు.

కొని ఇంటికి తెచ్చాక పెట్టె పారేయకండి. కొట్టు బట్టి రెండు వారాలో నెలో వాపసు గడువు ఇస్తారు. ఆ లోపల అన్ని కీలూ నొక్కి చూడండి, గంటసేపు వీడియో కాల్ మాట్లాడండి, ఛార్జర్ తీసేసి ఎంతసేపు వస్తుందో చూడండి. నచ్చకపోతే రసీదు పట్టుకుని వెళ్ళి ఇచ్చేయండి, మొహమాటం అక్కర్లేదు.