ఒకే గడికి రెండు చిరునామాలు

సరిహద్దు గ్రామాలలో ఒకే ఇంటికి పన్ను పుస్తకంలో ఒక సంఖ్య, ఉత్తరాలపై మరొక చిరునామా ఉండడం అందరూ ఎరిగినదే. రెండింటినీ కలగలిపితే ఒకరి ఉత్తరం మరొకరి గడపకు చేరుతుంది. కంప్యూటర్ లోపల కూడా ఇటువంటి చిక్కే ఉన్నది.

కంప్యూటర్ మెమరీలోని ప్రతి గడికీ ఒక సంఖ్య ఉంటుంది. ప్రాసెసర్ ఆ సంఖ్యతోనే గడిని గుర్తిస్తుంది. డిస్కు, నెట్‌వర్క్ కార్డు వంటి పరికరాలు ప్రాసెసర్‌కు శ్రమ కలిగించకుండా తామే మెమరీలో వ్రాయగలవు. ఈ పద్ధతికి డీఎంఏ అని పేరు. పరికరం బస్ అనే మార్గం గుండా మెమరీని చేరుతుంది. ఆ మార్గం నుండి చూచినప్పుడు అదే గడి సంఖ్య వేరుగా ఉండవచ్చును. 2012లో వెలువడిన తొలి రాస్ప్‌బెర్రీ పై ఇందుకు ఉదాహరణ. అందులో ప్రాసెసర్ మెమరీని సున్నా నుండి లెక్కించగా, లినక్స్‌లో డీఎంఏ అదే మెమరీని వేరొక సంఖ్య నుండి లెక్కిస్తుంది.

పరికరాన్ని నడిపే ప్రోగ్రామును డ్రైవర్ అనీ, దానికి చేసే సవరణను ప్యాచ్ అనీ అంటారు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ కెర్నల్‌లో చేర్చే ముందు ప్యాచ్‌ను ఇతరులు చదివి పరీక్షిస్తారు. చిరునామాలకు సంబంధించిన ప్యాచ్ అయితే పరీక్షకులు ముఖ్యంగా నాలుగు విషయాలు చూస్తారు.

మొదటిది, డ్రైవర్ బస్ చిరునామాను సొంత లెక్కతో కట్టరాదు. యంత్రం మారితే ఆ లెక్క తప్పుతుంది. కెర్నల్‌లోని డీఎంఏ మ్యాప్ సింగిల్ వంటి ప్రమేయాన్ని అడిగి తీసుకొనవలెను.

రెండవది, అడిగిన చిరునామా లభించకపోవచ్చును. డీఎంఏ మ్యాపింగ్ ఎర్రర్ అనే ప్రమేయంతో సరిచూడకుండా పరికరానికి పని అప్పగించరాదు.

మూడవది, 32 బిట్ల చిరునామా మాత్రమే పలికే పరికరం 4 గిగాబైట్లకు మించి చేరలేదు. ఆ పరిమితిని డ్రైవర్ ముందే కెర్నల్‌కు తెలుపవలెను.

నాలుగవది, పని ముగిసినా, నడుమ విఫలమైనా, తీసుకొన్న చిరునామాను తిరిగి అప్పగించవలెను. పొరపాట్లు ఎక్కువగా దొరలేది విఫలమైనప్పటి దారిలోనే. ఎరువు తెచ్చిన పాత్రలు మరలించకపోతే అడుగుటకు ఇల్లు మిగలనట్లే, చిరునామాలు క్రమంగా తరిగిపోతాయి.

తప్పు చిరునామాపై పరికరం వ్రాస్తే వెంటనే హెచ్చరిక రాకపోవచ్చును. మరొక ప్రోగ్రాము దాచుకొన్న లెక్కలు నిశ్శబ్దంగా చెడిపోతాయి. కొన్ని యంత్రాలలో ఐఓఎంఎంయూ అనే కాపలాదారు అటువంటి రాతను అడ్డగిస్తుంది, అన్నింటిలోనూ అది లేదు. పాఠశాలలోని మార్కులు, ఆసుపత్రిలోని వివరాలు చెక్కు చెదరకుండా ఉండడంలో ఇటువంటి ఓపికైన చదువరులకూ భాగమున్నది.